ముందు చూరులో స్విఫ్ట్ గూడు ఉందట, జూన్ 9న రూఫ్ పని. ఆపాలా?

రెడింగ్_రవి · జూన్ 1
ఫిబ్రవరిలో ఇల్లు కొన్నాం. ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఎర్ర ఇటుకల టెర్రస్ ఇల్లు (పక్కిళ్లతో గోడలు కలిసి వరసగా ఉండేది), వందేళ్ల పైమాటే. వాన పడితే వెనక బెడ్‌రూమ్ సీలింగ్ మూల తడిసిపోతోంది, ఇప్పుడు నల్లగా బూజు కూడా పట్టింది. రూఫర్ వచ్చి చూసి, పెంకులు కొన్ని మార్చాలి, ముందూ వెనకా చూరు చెక్కలు పుచ్చిపోయాయి, మొత్తం తీసేసి ప్లాస్టిక్‌వి వేద్దాం అన్నాడు. జూన్ 9కి స్కాఫోల్డింగ్ (పరంజా) బుక్ అయింది. 1,200 పౌండ్లు డిపాజిట్ కట్టేశాను. జులై 12న అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు, ఆ గది వాళ్ల కోసమే.

నిన్న పక్కింటి పెద్దావిడ గేటు దగ్గర ఆపి, మీ ఇంటి ముందు చూరులో స్విఫ్ట్‌లు ఉన్నాయి, ఆగస్టు దాకా దయచేసి ముట్టుకోకండి అన్నారు. ఆవిడ ఈ వీధికి వచ్చి 41 ఏళ్లట, అప్పటి నుంచీ వస్తూనే ఉన్నాయట. కోపంగా చెప్పలేదు, బతిమాలుతున్నట్టు చెప్పారు. నాకైతే అక్కడ పక్షీ కనిపించలేదు, గూడూ కనిపించలేదు. రెండు వేళ్లు దూరేంత సందు ఒకటి ఉంది, అంతే. రూఫర్‌ని అడిగితే ఇలాంటివి ప్రతి ఇంటికీ ఉంటాయి, పట్టించుకోవద్దు అంటున్నాడు. నిజంగా పని ఆపాలా? ఎవరికైనా అనుభవం ఉందా? రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

స్లౌ_శ్రీను · జూన్ 1
కానిచ్చెయ్ తమ్ముడూ. డబ్బు కట్టావు, డేట్ ఉంది, పెద్దవాళ్లు వస్తున్నారు. బూజు పట్టిన గదిలో అమ్మానాన్నని పడుకోబెడతావా? పిట్టలకి ఇంకో ఇల్లు దొరుకుతుంది.

హారో_హరి · జూన్ 1
స్విఫ్ట్ అంటే నాకు మారుతి స్విఫ్టే తెలుసు. చూరులో ఎలా పట్టిందా అని రెండుసార్లు చదివాను.

లెస్టర్_లక్ష్మి · జూన్ 1
@రవి ఆపాలి. ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు. 1981 వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ యాక్ట్ ప్రకారం అడవి పక్షి ఏదైనా సరే, గూడు వాడుకలో ఉండగా కావాలని పాడుచేస్తే నేరం. ఆరు నెలల దాకా జైలు, జరిమానాకి పరిమితి లేదు. మీ ఇల్లయినా సరే. గూడు ఉందని తెలియదు అనడానికి కూడా ఇప్పుడు వీల్లేదు, పక్కింటావిడ మీకు చెప్పేశారు కదా.

@శ్రీను అన్నా, ఇంకో ఇల్లు దొరకదు. అదే అసలు బాధ.

స్లౌ_శ్రీను · జూన్ 1
ఎంతమంది జైలుకెళ్లారు చెప్పమ్మా? మా వీధిలో ఏటా ఎండాకాలం ఎవరో ఒకరు రూఫ్ వేయిస్తూనే ఉంటారు.

లెస్టర్_లక్ష్మి · జూన్ 1
మీ వీధిలో సాయంత్రాలు ఎన్ని స్విఫ్ట్‌లు తిరుగుతున్నాయో ఒకసారి తల పైకెత్తి చూసి చెప్పండి.

పాత_డాక్టర్ · జూన్ 2
రవిగారూ, కంగారు పడకండి, దారి ఉంది. కాస్త ఓపికగా చదవండి. నేను 1983 నుంచి ఆక్స్‌ఫర్డ్ పక్కనే ఉంటున్నాను. ఇక్కడి యూనివర్సిటీ నేచురల్ హిస్టరీ మ్యూజియం టవర్‌లో స్విఫ్ట్ గూళ్లున్నాయి, 1948 నుంచి వాటిని శాస్త్రవేత్తలు గమనిస్తున్నారు. రిటైరయ్యాక నాకు అదే వ్యాపకం అయింది.

మీకు పక్షి కనిపించకపోవడంలో వింత లేదు. స్విఫ్ట్ గోడ మీద వాలదు, తీగ మీద కూర్చోదు. కరెంటు తీగల మీద వరసగా కూర్చునేవి స్వాలోలు. గోడకి మట్టి గిన్నెలా గూడు అతికించేవి హౌస్ మార్టిన్‌లు. ఇది వేరు. కొడవలి లాంటి రెక్కలు, ఒళ్లంతా మసి రంగు, గడ్డం కింద మాత్రం కాస్త తెలుపు. కాళ్లు ఎంత చిన్నవంటే దీని శాస్త్రీయ నామం ‘అపస్’కి గ్రీకులో కాళ్లు లేనిదనే అర్థం. గాల్లోనే తింటుంది, గాల్లోనే తాగుతుంది, గాల్లోనే నిద్రపోతుంది. స్వీడన్‌లో లండ్ యూనివర్సిటీ వాళ్లు చిన్న పరికరాలు కట్టి చూస్తే కొన్ని పక్షులు పది నెలల పాటు ఎక్కడా దిగలేదని తేలింది. 2016లో వచ్చిన పరిశోధన అది.

దిగేది ఒక్క గూటికే. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఆఫ్రికా నుంచి వస్తుంది, ఆగస్టు మొదటికల్లా వెళ్లిపోతుంది. మళ్లీ ఏడాది అదే చూరు, అదే సందు. ఆ సందుని కొత్త ప్లాస్టిక్‌తో మూసేస్తే, వచ్చిన పక్షి అదే చోటికి పదే పదే వచ్చి గోడకి కొట్టుకుంటుంది. ఒకసారి నా కళ్లారా చూశాను, మళ్లీ చూడాలని లేదు.

ముందు నిర్ధారించుకోండి. ఈ వారంలో వాన లేని సాయంత్రం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఇంటికి ఎదురుగా రోడ్డవతల నిలబడండి. ఫోన్ చూడకండి, సందు మీదే కళ్లు పెట్టండి. లోపలికి దూరడం రెప్పపాటులో అయిపోతుంది.

హారో_హరి · జూన్ 2
డాక్టర్ గారూ, పది నెలలు దిగకుండానా?! నిద్ర కూడా గాల్లోనేనా? నిన్న జోకేసినందుకు సిగ్గేస్తోంది.

సైట్_సతీష్ · జూన్ 2
బ్రిస్టల్‌లో సైట్ ఇంజనీర్‌ని. @రవి మీ పోస్టులో ఒకటి గమనించాను. కారేది వెనక వైపు, గూడు ముందు వైపు. అయితే రెండూ ఒకేసారి ఎందుకు చేయాలి? వెనక ఇప్పుడు చేయించండి, ముందు ఆగస్టు మధ్యలో. రూఫర్‌కి ఫోన్ చేయకండి, ఈమెయిల్ రాయండి. ముందు వైపు వాడుకలో ఉన్న గూడు ఉంది, ఆ వైపు పని వాయిదా వేయండి అని రాతలో పెడితే బాధ్యత తనకీ ఉందని అర్థమవుతుంది. వెనక వైపు కూడా గూళ్లు లేవని చూసుకున్నాకే మొదలుపెట్టాలి.

స్లౌ_శ్రీను · జూన్ 2
రెండుసార్లు స్కాఫోల్డింగ్ అంటే రెండుసార్లు డబ్బు. సతీష్ గారు కడతారా?

సైట్_సతీష్ · జూన్ 2
కొంత ఖర్చవుతుంది, కాదనను.

రెడింగ్_రవి · జూన్ 3
ఇప్పుడే లోపలికి వచ్చాను. చేతులు చల్లబడిపోయాయి కానీ రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఎనిమిదిన్నరకి రోడ్డవతల నిలబడ్డాను. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. దారినపోయే ఒకాయన ఏమైనా పోగొట్టుకున్నారా అని కూడా అడిగాడు. తర్వాత వీధి చివర నుంచి కీచుమంటూ అరుపులు, పెంకుల ఎత్తులో మూడు పక్షులు ఒకదాని వెనక ఒకటి దూసుకుపోయాయి. అంత వేగం నేనెప్పుడూ చూడలేదు. మళ్లీ తిరిగొచ్చాయి. నాలుగోసారి ఒకటి గుంపులోంచి విడిపోయి నేరుగా మా గోడ మీదికి వచ్చింది. కొట్టుకుందనే అనుకున్నాను. చప్పుడు లేదు. చూస్తే అక్కడ ఏమీ లేదు. ఆ రెండు వేళ్ల సందులోకి వెళ్లిపోయింది.

ఇంట్లోకి పరిగెత్తి ముందు బెడ్‌రూమ్ కిటికీ తెరిచి చెవి పైకి పెట్టాను. చెక్క వెనక నుంచి రెండు గొంతులు, ఒకటి కాస్త సన్నగా, ఒకటి కాస్త బొంగురుగా. నెల రోజులుగా నా తలకి మూడడుగుల పైన అవి పడుకుంటున్నాయి, నాకు తెలియనే తెలియదు.

పక్కింటావిడ కిటికీలోంచి చూస్తున్నారు. చెయ్యి ఊపాను.

పాత_డాక్టర్ · జూన్ 3
రెండు గొంతులు వినిపించాయంటే జంట. మే నెలలో రెండో మూడో గుడ్లు పెడతాయి, పొదగడానికి దాదాపు ఇరవై రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో ఆరు వారాలు. జులై ఆఖరికి ఖాళీ అవుతుందని వేసుకోండి. చలివానలు పడితే మరో వారం ఎక్కువ.

కోనసీమ_కుమారి · జూన్ 4
రవి పోస్టు చదివి మా అమలాపురం ఇల్లు గుర్తొచ్చింది. కోతలయ్యాక మా తాతయ్య వరికంకులు జడలా అల్లి కుచ్చు కట్టి వసారాలో వేలాడదీసేవారు, పిచ్చుకల కోసం. ఫొటోల వెనక అవి గూడు పెడితే గడ్డి అంతా కింద పడుతున్నా అమ్మ తుడుచుకునేదే తప్ప గూడు తీయనిచ్చేది కాదు. చూరు ఉందంటే పిచ్చుకకి భాగం ఉన్నట్టే. ఇక్కడ కార్డిఫ్‌లో మా కొత్తింటికి చూరే లేదు, ఎక్కడ చూసినా మూసేసిన ప్లాస్టిక్.

తాటిచెట్ల చుట్టూ సాయంత్రం గిర్రున తిరిగే బుల్లి నల్ల పక్షులుండేవి. అవీ ఇవీ ఒకటేనా డాక్టర్ గారూ?

పాత_డాక్టర్ · జూన్ 4
ఒకటి కాదమ్మా, కానీ ఒకే కుటుంబం. అవి తాటి స్విఫ్ట్‌లు. తాటాకు అడుగున ఈకల్ని ఉమ్మితో అంటించి గూడు కడతాయి. గాలికి ఆకు ఊగినా గుడ్డు పడకుండా దాన్ని కూడా ఉమ్మితో అతికిస్తాయి. ఇక్కడి స్విఫ్ట్ కూడా గాల్లో తేలే ఈకలూ గడ్డిపోచలూ పట్టుకుని ఉమ్మితోనే గూడు కడుతుంది. తాటిచెట్టు కొట్టేస్తే దానికి ఇల్లు పోతుంది, పాత చూరు మూసేస్తే దీనికి పోతుంది.

మిల్టన్_మూర్తి · జూన్ 4
పాత ఇళ్ల సంగతి సరే, మేం కొత్తిల్లు బుక్ చేసుకున్నప్పుడు స్విఫ్ట్ బ్రిక్ ఒకటి పెట్టండి, డబ్బు నేనే ఇస్తాను అని సేల్స్ ఆఫీసులో అడిగాను. స్పెసిఫికేషన్‌లో లేదు, కుదరదు అన్నారు. ముప్పై అయిదు పౌండ్ల ఇటుక. వంటింటి టైల్స్ మార్చడానికి మాత్రం మూడు వేలు తీసుకుని సరే అన్నారు.

హారో_హరి · జూన్ 4
స్విఫ్ట్ బ్రిక్ అంటే?

సైట్_సతీష్ · జూన్ 5
లోపల బోలుగా ఉండే ఇటుక. బయటికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, లోపల గూడు పెట్టుకునేంత చోటు. గోడ బయటి వరసలో మామూలు ఇటుకల మధ్య పెట్టి కట్టేస్తాం. లోపలి గోడకి దానితో సంబంధం లేదు కాబట్టి పక్షి ఇంట్లోకి రాదు. నేను మా సైట్‌లో ఇరవై దాకా పెట్టించాను. మొదటిది పెట్టేటప్పుడు మేస్త్రీ గొణిగాడు, మూడోదానికి అలవాటైపోయింది. దాని కోసం పని ఆగింది లేదు. నేల నుంచి అయిదు మీటర్ల ఎత్తు, చూరు నీడ, కింద చెట్టో తీగో అడ్డం లేకుండా ఉండాలి. గూట్లోంచి బయటికి దూకి రెక్క విప్పుకోవాలి కదా.

ఇంకో మంచి విషయం, ఇందులో పిచ్చుకలు, స్టార్లింగ్‌లు, బ్లూ టిట్‌లు కూడా చేరతాయి. కుమారిగారు చెప్పిన చూరులో భాగం అంటే ఇదే.

లెస్టర్_లక్ష్మి · జూన్ 5
ప్రతి కొత్తింటికీ ఈ ఇటుక తప్పనిసరి చేయాలనే ఉద్యమం గురించి చెప్పాలి. హన్నా బోర్న్-టేలర్ అనే ఆవిడ 2022లో పార్లమెంటుకి పిటిషన్ పెట్టారు. ఆ నవంబర్‌లో లండన్ హైడ్ పార్క్‌లో, ఒంటి మీద బట్టలకి బదులు ఈకల రంగు వేయించుకుని జనం ముందు నిలబడి మాట్లాడారు. సంతకాలు లక్ష దాటాయి, 2023 జులై 10న చర్చకి వచ్చింది. పార్టీలతో పని లేకుండా ఎంపీలు బలపరిచారు. ప్రభుత్వం మాత్రం తప్పనిసరి చేయం, స్థానిక కౌన్సిళ్లకే వదిలేస్తాం అంది. 2025లో ప్లానింగ్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ బిల్లుకి బారీ గార్డినర్ అనే ఎంపీ ఇలాంటి సవరణే పెడితే అదీ నెగ్గలేదు. బ్రైటన్ అండ్ హోవ్ కౌన్సిల్ 2020 నుంచే, అయిదు మీటర్లు దాటే కొత్త కట్టడాలకి ఈ ఇటుకలు ఉండాలని షరతు పెట్టింది. ఒక కౌన్సిల్ చేయగలిగింది దేశం మొత్తం ఎందుకు చేయలేదో నాకు అర్థం కాదు.

స్లౌ_శ్రీను · జూన్ 5
ఒంటికి రంగేసుకుంటే పక్షులు పెరుగుతాయా?

లెస్టర్_లక్ష్మి · జూన్ 5
నాకు ఆ ఇటుక గురించి తెలిసింది ఆవిడ ఫొటో పేపర్లో చూశాకే. మా ఇంటికి రెండు గూటి పెట్టెలు వచ్చాయి. ఆవిడ వల్లే.

సస్సెక్స్_సుధ · జూన్ 5
అందరూ ఇటుక ఇటుక అంటున్నారు, నేను కాస్త విభేదిస్తాను. గూడు దొరికితే సరిపోతుందా? తిండి ఏది? స్విఫ్ట్ తినేది గాల్లో తిరిగే పురుగులే. పిల్లలకి తెచ్చే ఒక్కో ముద్దలో వందల పురుగులుంటాయి. పొలాల నిండా మందులు కొడుతూ, పచ్చిక నాలుగు రోజులకోసారి కత్తిరిస్తూ, గోడకి ముప్పై అయిదు పౌండ్ల ఇటుక పెట్టి చేతులు దులుపుకుంటే బిల్డర్లకి మంచి ప్రచారం, అంతే. 1995 నుంచి ఇప్పటికి ఈ దేశంలో స్విఫ్ట్‌లు సగానికి పైగా తగ్గిపోయాయి. 2021 డిసెంబర్‌లో వీటిని రెడ్ లిస్ట్‌లో, అంటే ఈ దేశంలో అన్నిటికంటే ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో చేర్చారు, వాటితోపాటే హౌస్ మార్టిన్‌నీ గ్రీన్‌ఫించ్‌నీ కూడా. గ్రీన్‌ఫించ్‌కి చూరుతో పనే లేదు.

పాత_డాక్టర్ · జూన్ 5
సుధగారు పురుగుల గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. గ్రీన్‌ఫించ్‌ది మాత్రం వేరే కథ, దానికి ట్రైకోమొనోసిస్ అనే జబ్బు పట్టుకుంది. పక్షులకి గింజలు పెట్టే పళ్లేలు కడగకపోతే అంటుకుంటుంది. స్విఫ్ట్‌కి తిండీ కావాలి, ఇల్లూ కావాలి. పొలాల్లో మందులు ఆపడం రవిగారి చేతిలో లేదు. చూరు ఉంది.

సస్సెక్స్_సుధ · జూన్ 5
సరే, రవి విషయంలో ఒప్పుకుంటాను. కానీ పచ్చిక మాట వదలను. @రవి వెనక తోట ఉంటే జులై దాకా ఓ మూల కోయకుండా వదిలేయండి.

వుల్వర్‌హాంప్టన్_వాణి · జూన్ 6
మీ మాటలు చదువుతుంటే నా సంగతి చెప్పాలనిపించింది. నర్సుని. రెండేళ్ల కిందట జులైలో నైట్ డ్యూటీ దిగి కార్ పార్క్‌లోకి వస్తే తారు మీద నల్లగా ఏదో కొట్టుకుంటోంది. గబ్బిలమనుకున్నాను. దగ్గరికెళ్తే పక్షి, రెక్కలు ఒంటికంటే పొడుగు. కాళ్లతో లేవలేక రెక్కలతో నేల మీద పాకుతోంది. సెక్యూరిటీ ఆయన మంచి మనసుతోనే, పైకి విసిరేద్దాం ఎగిరిపోతుంది అన్నాడు. ఎందుకో వద్దనిపించింది. డ్యూటీ షూస్ కొన్న అట్టపెట్టె కారులో ఉంది. మూతకి కన్నాలు పొడిచి, అడుగున టిష్యూలు పరిచి అందులో పెట్టాను. నీళ్లు కూడా పట్టలేదు, నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని పేషెంట్లతో అలవాటే కదా.

స్విఫ్ట్‌లని చూసుకునే ఆవిడ ఒకరు నలభై నిమిషాల దూరంలో ఉన్నారని ఫోన్‌లో తెలిసింది. నిద్ర మానుకుని తీసుకెళ్లాను. ఆవిడ వంటింటి తూకం మీద పెట్టి 33 గ్రాములు అన్నారు. పిల్ల, తిండి చాలక ముందే గూట్లోంచి వచ్చేసిందట. విసిరి ఉంటే పడి చచ్చిపోయేదని చెప్పారు. పదకొండు రోజులు గంటకోసారి పురుగులు తినిపించారు. వదిలే రోజు నన్ను పిలిచారు. పెద్ద మైదానం. నా అరచేతిలో పెట్టి చెయ్యి పైకి ఎత్తి ఉంచమన్నారు, అంతే, విసరద్దు అన్నారు. అది అరచేతి మీద వణకడం మొదలుపెట్టింది. చలికి కాదు, ఎగిరే ముందు కండరాలు వేడెక్కించుకుంటుందట. ఒక నిమిషం పైనే వణికింది. తర్వాత చేతి మీద బరువు లేదు. నేల దాకా జారి, గడ్డి తగులుతుందనుకునేలోపు లేచి, ఇక పైకే వెళ్లింది.

అక్కడే నిలబడి ఏడ్చాను. ఆవిడ ఏటా చేసే పనే అయినా ఆవిడా ఏడ్చారు.

హారో_హరి · జూన్ 6
అక్కా, ట్రెయిన్‌లో చదివాను. కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

రెడింగ్_రవి · జూన్ 6
రూఫర్‌కి సతీష్ గారు చెప్పినట్టే ఈమెయిల్ రాశాను. మొదట ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాడు, డేట్ పోతే డిపాజిట్ పోతుందన్నాడు. చట్టం పేరు రాసి ఇంకో మెయిల్ పెట్టాను. సాయంత్రానికి దిగొచ్చాడు. 9న వెనక వైపు మాత్రమే, ముందు వైపు ఆగస్టు 18న. అదనంగా 340 పౌండ్లు. మా ఆవిడతో మాట్లాడాను. పండక్కి అనుకున్న టీవీ ఇప్పుడొద్దులే అంది.

స్లౌ_శ్రీను · జూన్ 6
340 ఎక్కువ తమ్ముడూ. వెనక మాత్రమే అయితే ఇంటి మొత్తానికి స్కాఫోల్డింగ్ అక్కర్లేదు, టవర్ చాలు. బిల్లు విడదీసి ఇవ్వమను. ఇంకోటి, ముందు వైపుకి వల గానీ షీట్ గానీ చుట్టనివ్వకు, దారి మూసుకుపోతుంది. నా అభిప్రాయం మారలేదు, సొంత ఇంటి మీద ఇన్ని ఆంక్షలు నాకు నచ్చవు. కానీ చేస్తున్నప్పుడు సరిగ్గా చెయ్యి.

రెడింగ్_రవి · జూన్ 6
అన్నా, థాంక్స్. టవర్ మాట అడిగితే 340 కాస్తా 190 అయింది.

రెడింగ్_రవి · జూన్ 23
వెనక పని అయిపోయింది, మొన్నటి వానకి చుక్క కూడా దిగలేదు. కానీ డాక్టర్ గారూ, మూడు రోజులుగా చలి, ఒకటే ముసురు. రెండు సాయంత్రాలు నిలబడ్డాను, ఒక్క పక్షి రాలేదు. లోపల చప్పుడు కూడా లేదు. మా వల్లే ఏమైనా అయిందా? వెనక సుత్తి దెబ్బలకి భయపడి వెళ్లిపోయాయా?

పాత_డాక్టర్ · జూన్ 23
మీ వల్ల కాదు. వానలో గాల్లో పురుగులుండవు కాబట్టి పెద్దవి ముసురు అంచు వెతుక్కుంటూ చాలా దూరం పోతాయి. పిల్లలు ఆ రోజుల్లో ఒంటి వేడి తగ్గించుకుని మగతగా పడుంటాయి. కొన్ని రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటాయి, మామూలు పక్షి పిల్లలైతే ఒక్క రోజుకే పోతాయి. ఎండ రానివ్వండి.

రెడింగ్_రవి · జూన్ 25
వచ్చాయి! రెండూ! గొంతు కింద ఉండ కట్టినట్టు ఉబ్బి ఉంది ఒకదానికి.

పాత_డాక్టర్ · జూన్ 25
అదే పురుగుల ముద్ద. పిల్లలు బతికున్నాయి.

రెడింగ్_రవి · జులై 25
చాలా రోజులైంది. అమ్మానాన్న వచ్చారు. నాన్న కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు, ఖాళీగా ఉండలేని మనిషి. ఇక్కడ ఆయనకి ఏం తోస్తుందా అని భయపడ్డాను. రెండో రోజు సాయంత్రం డైనింగ్ కుర్చీ తీసుకెళ్లి పేవ్‌మెంట్ మీద వేసుకున్నారు. మూడో రోజు పక్కింటావిడ తన కుర్చీ తెచ్చుకున్నారు. ఆయనకి ఇంగ్లిష్ అంతంత మాత్రం, ఆవిడకి తెలుగు సున్నా. పక్షి లోపలికెళ్తే ఇద్దరూ వేలు ఎత్తి లెక్క చూపించుకుంటారు. అమ్మ పకోడీలు పంపితే ఆవిడ బిస్కెట్ డబ్బా పంపారు.

నిన్న సందులోంచి ఒక మొహం కనిపించింది. నుదురు తెల్లగా, ఈకల అంచులు పొలుసుల్లా, కళ్లు పెద్దవి. అరగంట బయటికే చూస్తూ ఉంది. నాన్న లోపలికి రానన్నారు, అన్నం అక్కడికే తెచ్చివ్వమన్నారు.

కోనసీమ_కుమారి · జులై 25
బాబాయ్ గారికి నా నమస్కారాలు చెప్పు రవీ. ఆయన్ని చూస్తే మా తాతయ్యని చూసినట్టు ఉంటుంది.

వుల్వర్‌హాంప్టన్_వాణి · జులై 25
@రవి ఈ వారం పొద్దున్నే ఒకసారి గోడ కింద చూడండి. పిల్ల ఏదైనా పడి ఉంటే అట్టపెట్టె, కన్నాలు, నీళ్లు వద్దు.

రెడింగ్_రవి · జులై 30
ఏదీ పడలేదు అక్కా. రెండు పిల్లలు. ఒకటి 27న వెళ్లింది, ఎవరూ చూడలేదు. రెండోది నిన్న తెల్లవారుజామున అయిదుంపావుకి, నాన్న చూశారు. నిద్ర పట్టక కిటికీ దగ్గర నిలబడ్డారట. సందులోంచి జారి, రోడ్డు వరకూ దిగి, ఎదురింటి చిమ్నీ దాటి వెళ్లిపోయిందట. మళ్లీ వస్తుందా అని రోజంతా చూశారు.

పాత_డాక్టర్ · జులై 30
రాదండి. బయటికి వచ్చిన పిల్ల వెనక్కి చూడదు, నేరుగా ఆఫ్రికా దారి పడుతుంది. తల్లిదండ్రుల కోసం కూడా ఆగదు. రెండు మూడేళ్ల దాకా ఎక్కడా దిగదు. పెద్దవి ఇంకో వారం ఉండొచ్చు, అవి వచ్చే మేలో మీ సందుకే వస్తాయి. అందుకని 18న పని చేసేటప్పుడు కొత్త చూరులో అదే చోట రంధ్రం వదలండి. ఒక చెయ్యి పక్కకి జరిగినా వాటికి దారి దొరకదు.

రెడింగ్_రవి · ఆగస్టు 19
నిన్న ముందు వైపు చెక్కలు తీశారు. రూఫర్ నన్ను పైకి పిలిచి చూపించాడు. అన్ని దశాబ్దాలు వాడిన గూడంటే ఎంత ఉంటుందో అనుకున్నాను. టీ సాసర్ అంత ఉంది, ఎత్తు అంగుళం కూడా లేదు. ఈకలు, ఎండుగడ్డి, తెల్లటి గింజల దూది, మధ్యలో చాక్లెట్ కాగితం ముక్క ఒకటి మెరుస్తోంది. అన్నీ గట్టిగా అతుక్కుని గిన్నె అంచులా ఉన్నాయి. చుట్టూ మురికి లేదు, గోడ మీద రెట్టల మరక కూడా లేదు. జూన్‌లో గొడవపడిన అదే రూఫర్ దాన్ని తాకకుండా చుట్టూ పని చేశాడు. ఇదే వీధిలో వచ్చే నెల ఇంకో ఇల్లు ఉంది, అక్కడ కూడా చూస్తాను అన్నాడు.

సైట్_సతీష్ · ఆగస్టు 19
మంచి పని. రంధ్రం కొలత ఎంత పెట్టారు? పెద్దదైతే స్టార్లింగ్‌లు ఆక్రమిస్తాయి.

రెడింగ్_రవి · ఆగస్టు 19
వెడల్పు 65 మిల్లీమీటర్లు, ఎత్తు 28. పాత చెక్క పక్కన పెట్టి, కొత్తదాని మీద పెన్సిల్‌తో గీసింది నాన్నే.